కనోవాపేటకు అందవలసిన కబురు

ఊరంతా గౌరవంగా దోన్యా అని పిలిచే ఎర్సిలియా తలకు సగం రంగు పట్టించి, తక్కిన సగాన్ని దువ్వెనతో పాయలు తీస్తుండగా, అద్దం పక్కన అలమర మీదున్న కంప్యూటరు ఒక్కసారి కీచుమన్నది. దెల్మిస్ చేతిలోని బ్రష్షు అక్కడే ఆగిపోయింది.

"ఆపావేంటే అమ్మాయ్? ఇలా చారల పిల్లిలా వదిలేస్తావా నన్ను?"

"ఉండండి దోన్యా. వంతెన దగ్గర్నించి సెల్సో మామ పంపాడు."

"ఏమన్నాడు?"

"ఎరుపు."

ఎర్సిలియా కుర్చీలోంచే కిటికీ వైపు తిరిగింది.

వాదో ఆంచో ఊళ్ళో ఆ మధ్యాహ్నం ఎండ కాస్తూనే ఉంది. అరటితోటల మీద, రేకుల కప్పుల మీద, ఆరేసిన బట్టల మీద అక్టోబరు ఎండ. కానీ ఎగువన కొండలు కనబడడం లేదు. అవి ఉండవలసిన చోట తారు పూసిన గోడ లాంటి మబ్బు నిలబడి ఉంది. ఎగువ వంతెన స్తంభానికి మూడు రంగుల పట్టీలు వేసి ఉన్నాయి. నీరు ఎర్ర పట్టీని తాకితే ముసలి సెల్సో ఆ ఒక్క మాట పంపాలి. ఆ మాట అందగానే దెల్మిస్ రాసిన ప్రోగ్రాము ఎవరి అనుమతికీ ఆగకుండా ఊరంతటికీ కబురు పంపడం మొదలుపెడుతుంది. వంతెన దగ్గర ఎర్ర పట్టీని తాకిన నీరు దిగువన కనోవాపేటకు చేరడానికి గంటకు మించి పట్టదు. పేట ఏటి వారనే ఉంది, ఇళ్ళన్నీ చెక్కపలకల గోడలవి. నడవగలిగినవాళ్ళు గట్టు మీద బడికి చేరాలన్నా అరగంట కావాలి.

దెల్మిస్ పదహారో ఏట నుంచి పట్నంలోని కుట్టుఫ్యాక్టరీలో చొక్కాల కాలర్లు కుట్టింది. ఒకే నవంబరులో రెండు తుఫానులు వరసగా వచ్చి ఫ్యాక్టరీనీ, తన ఇంటినీ, ఇంట్లోని కుట్టుమిషన్నూ ఒండ్రుమట్టి కింద పూడ్చిపెట్టిన తర్వాత, లోమా కొండమీద ఒక గది అద్దెకు తీసుకుని జుట్టు కత్తిరించడం, రంగులు వేయడం మొదలుపెట్టింది. ఆ ఏడు వరద వస్తున్నదని ఆమెకు చెప్పినవాడెవడూ లేడు. పరుపు తడిస్తే తెలిసింది. ఆ సంగతి మనసులో ముల్లులా దిగబడి, ఖాళీ వేళల్లో ఫోనులో దొరికిన ఉచిత పాఠాలు వింటూ ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది.

సిమ్ కార్డు పెడితే ఫోనులా కబుర్లు పంపే మోడెం చేత మాట్లాడించే సాధనం మాత్రం ఆమె సొంతం కాదు. ముక్కూ మొహం తెలియనివారెవరో ప్రపంచంలో ఏ మూలనో రాసి, ఊరికే వాడుకొమ్మని వదిలిపెట్టిన లైబ్రరీ అది. పేరుకు గ్రంథాలయమే గాని అందులో పుస్తకాలుండవు, రాసిపెట్టిన ఆదేశాలుంటాయి. 'ఈ నంబరుకు ఈ మాట పంపు' అని దెల్మిస్ ఒక్క వాక్యం రాస్తే, దాన్ని మోడెంకు అర్థమయ్యే చిన్నచిన్న పలుకులుగా విడగొట్టి అందించేది ఆ లైబ్రరీయే. ప్రతి పలుకుకూ మోడెం సరే అనో, తప్పు అనో బదులిస్తుంది. ఏళ్ళ తరబడి పెట్టిన అర్జీలకు ఏ కార్యాలయం నుంచీ ఔననీ కాదనీ వినని మనిషికి, అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చే వస్తువొకటి ఇంట్లో ఉండడం మొదట్లో నమ్మబుద్ధి కాలేదు.

వరదకు ముందు ప్రజలను హెచ్చరించవలసిన బాధ్యత పురపాలక సంఘానిదని చట్టం ఏ సందేహానికీ తావులేకుండా చెబుతుంది. ఆ బాధ్యత కింద సంఘం చేసినది ఒక ప్రారంభోత్సవం, ఒక ప్రసంగం, ఒక సిమ్ కార్డు. ఆ కార్డుకు రీచార్జి చేయించవలసినది ఎవరో ఏ ఉత్తర్వులోనూ లేదు గనక అది కొన్నాళ్ళకే మూగబోయింది. దెల్మిస్ తన ఫోనులోని సిమ్ తీసి మోడెంలో పెట్టింది. అప్పటినుంచి ఊరికి హెచ్చరిక వచ్చే నంబరూ, జుట్టు కత్తిరించుకోవడానికి దెల్మిస్‌ను పిలిచే నంబరూ ఒకటే అయ్యాయి.

ఈ ఊళ్ళో ఫోను చేయడం వేరు, రింగివ్వడం వేరు. ఫోను చేసేది చావుకో పెళ్ళికో. తక్కిన బతుకంతా రింగుల మీదే నడుస్తుంది. ఒక్క రింగిచ్చి కోసేస్తే 'అందింది' అని, 'చేరాను' అని, 'రొట్టె వేడిగా ఉంది రా' అని. కబురు అందుకుని తిరిగి రింగివ్వకపోవడం ఎదురుపడ్డ మనిషికి ముఖం తిప్పుకోవడంతో సమానం. అందుకే పోయిన నెలలో దెల్మిస్ తన ప్రోగ్రాముకు కొత్త విద్య నేర్పింది: ఎవరైనా రింగిస్తే చేస్తున్న పని ఆపి, ఆ నంబరు ఏ ఇంటిదో వెదికి, తెర మీద పేరు పక్కన గుర్తు పెట్టి, కాల్ కోసేసి, మళ్ళీ పనిలో పడాలి. తన దగ్గరికి వచ్చే ఆడవాళ్ళ ఫోనులతో పరీక్షిస్తే చక్కగా పనిచేసింది. ఎవరికి కబురు అందిందో ఇక ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చునని ఆమె పొంగిపోయింది.

ఇప్పుడు తెర మీద లోమా పేర్లు ఒకటొకటిగా వెలుగుతున్నాయి. ఆంపారో, గుర్తు. బేకరీ హిల్బెర్తో, గుర్తు. మోటోటాక్సీ నడిపే అన్నదమ్ములు ముగ్గురూ, గుర్తు.

"చూశారా దోన్యా! ఎంత తొందరగా రింగిస్తున్నారో!"

"నాకూ వచ్చింది. ఇదిగో, నేనూ ఇస్తున్నా," అంటూ ఎర్సిలియా కుర్చీలోంచే ఒక రింగిచ్చింది. ఆమె పేరు పక్కన కూడా గుర్తు పడింది.

"మీరు నా పక్కనే ఉన్నారు గదా!"

"అయితే? మర్యాద మర్యాదే."

బయట వీధిలో మోటోటాక్సీలు కొండపైకి పరుగెత్తుతున్నాయి. ఎవరో పందిని తిడుతూ లాక్కుపోతున్నారు. ఊరు తను చెప్పిన మాట విని కదులుతున్నది. దెల్మిస్‌కు గుండె నిండినట్టయింది. ఆ నిండుతనంలో ఆమె చాలాసేపు తెరకు ఒకవైపే చూసింది, రింగులు పడుతున్న వైపు.

రెండో వైపు, వెళ్ళిన కబుర్ల వరస ఉండే చోట, కదలిక లేదు.

ఆమె ముందుకు వంగింది. చివరి కబురు బేకరీ సందులో ఆగి ఉంది. అక్కడినుంచి ఒక్కటీ పోలేదు. మోడెంకు ఉన్నది ఒకే గొంతు, ఒకే చెవి. రెండూ ఒకేసారి వాడలేదు. రింగు వస్తే పని ఆపమని తనే చెప్పింది. ఒక రింగు ముగిసేలోగా ఇంకొకటి, అది ముగిసేలోగా మరొకటి. కబురు అందినవాళ్ళ మర్యాద, అందనివాళ్ళ కబురుకు అడ్డంపడి నిలబడింది.

పట్టిక చివర ఉన్నది కనోవాపేట. ఆ పేట చివరకు పోవడానికి కారణం కూడా ఆమెకు తెలుసు. ఆగస్టులో తేలే బిళ్ళతో నీటిమట్టం కొలిచే పరికరం ఒకటి ఉండేది. ఆవు ఒకటి దానికి ఒళ్ళు రుద్దుకుంటే ప్రోగ్రాము వరద అనుకుంది. కనోవాపేట వాళ్ళంతా పిల్లాజెల్లాతో బడికి చేరి రాత్రంతా దోమల పాలయ్యారు. తిరిగి వెళ్ళేసరికి నోల్వియా కోళ్ళను ఎవరో ఎత్తుకుపోయారు. నోల్వియా దెల్మిస్ కూతురికి జ్ఞానస్నానపు తల్లి. ఇద్దరూ ఒకరినొకరు వదినా అంటారు, ఈ ఊళ్ళో ఆ చుట్టరికం తోడబుట్టిన దానికన్నా గట్టిది. "నీ యంత్రం మాట ఇంకోసారి వింటే నన్ను చెప్పు తీసుకు కొట్టు వదినా," అని నడివీధిలో అని వెళ్ళింది ఆమె. సెల్సో కళ్ళనే నమ్ముకునేలా పద్ధతి మార్చిన తర్వాత కూడా, నెల రోజులు బతిమాలించుకుని గాని ఆ పేటవాళ్ళు పట్టికలోంచి తీయించుకున్న తమ నంబర్లు మళ్ళీ ఇవ్వలేదు. అట్లా అందరికన్నా వెనక పడ్డారు. అందరికన్నా ముందు మునిగేదీ వాళ్ళే.

"దోన్యా, మీ ఫోన్లోంచి నోల్వియాకు చెయ్యండి. రింగు కాదు, మాట్లాడండి!"

ఎర్సిలియా నొక్కింది, చెవిన పెట్టుకుంది, ముఖం వేలాడేసింది. "మాట్లాడేంత బాలెన్సు లేదే తల్లీ. రింగు ఒక్కటే పోతుంది." ఇంకా ఆమె మాట పూర్తికాకముందే చేతిలోని ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. "ఇదిగో, తిరిగి రింగిచ్చింది!"

"అంటే?"

"అంటే బావున్నానని! నేను పలకరించాననుకుంది ఆ మొద్దుముండ!"

దెల్మిస్ మోడెం తీగను లాగి మళ్ళీ గుచ్చింది. ఇరుకులోంచి బయటపడడానికి ఆమెకు తోచిన మొదటి దారి అదే, అంతకన్నా చెడ్డ దారి ఇంకొకటి లేదు. ప్రోగ్రాము నిద్రలేచి, ఎంతవరకు పంపిందో జ్ఞాపకం లేక, పట్టికను మొదటినుంచి అందుకుంది. ఆంపారోకు మళ్ళీ కబురు. బేకరీకి మళ్ళీ కబురు. వాళ్ళు మళ్ళీ రింగు.

"ఆపండ్రా! అందిందని తెలుసు, ఆపండి!" అని ఆమె తెర మీద అరిచింది.

"వీధిలోకెళ్ళి మోటోటాక్సీ ఆపుతా. నేనే పోయి చెప్తా వాళ్ళకి," అంటూ ఎర్సిలియా మెడకు తువాలుతోనే లేచింది. తలలో ఒక సగం నల్లగా నిగనిగలాడుతున్నది, ఇంకో సగం తెల్లగా నెరిసి ఉన్నది. గుమ్మంలో నిలబడి చేయి ఊపింది. బండ్లన్నీ ఎక్కే దారినే పోతున్నాయి. దిగే దారిన ఒక్కటీ లేదు. హెచ్చరిక అందుకున్నవాళ్ళు హెచ్చరిక చెప్పినట్టే నడుచుకుంటున్నారు, వాళ్ళను తప్పుపట్టే వీలు లేదు. "గొంతు చించుకున్నా దిగేవాడు లేడే!" అని తిట్టి, చెప్పులు చేతపట్టుకుని ఆమె కాలినడకనే దిగువకు బయలుదేరింది. అరవై దాటిన మనిషి. ఎంత నడిచినా నీటికన్నా ముందు చేరదని ఇద్దరికీ తెలుసు.

దెల్మిస్ ఒంటరిగా మిగిలింది. ముందు పట్టికను తలకిందులు చేసింది, కనోవాపేట మొదటికి వచ్చేలా. అది ఒక్క వాక్యం పని. తొందరలో ఆ వాక్యం రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి నడిచింది. అయినా పైవాళ్ళ రింగులు ఆగితేగా ఒక్క కబురైనా పోయేది! మోడెం ఒకరి రింగుతో ఉండగా తక్కినవాళ్ళ రింగులు లోపలికి పోక, అందలేదేమోనని జనం మళ్ళీమళ్ళీ ఇస్తున్నారు.

చెవి మూసేయాలి. మూస్తే గాని గొంతు పెగలదు.

రింగుకు జవాబిచ్చే భాగాన్ని ప్రోగ్రాములోంచి కొట్టేసింది. చాలలేదు. ప్రోగ్రాము పట్టించుకోకపోయినా మోడెం మోగుతూనే ఉంది, మోగుతున్నంతసేపూ ఇంకో పని ముట్టడం లేదు. రింగులు మోడెం దాకా రాకుండానే మళ్ళిపోవాలి. తన నంబరుకు వచ్చే కాల్స్ అన్నిటినీ ఇంకో నంబరుకు మళ్ళించమని కంపెనీ టవరుకు చెప్పే పలుకు ఒకటుంది. ఆ లైబ్రరీలో దానికి విడిగా పేరు లేదు గాని, ముడి పలుకును ఉన్నదున్నట్టు మోడెంకు అందించే కిటికీ ఒకటి దాన్ని రాసిన పుణ్యాత్ములు వదిలిపెట్టారు. ఎవరి నంబరుకు మళ్ళించాలి? ఎవరిదైనా బతికున్న ఫోనైతే వాళ్ళను ఊపిరాడనివ్వదు. డ్రాయరులో చార్జింగు నిలవక పడి ఉన్న కూతురి పాత ఫోను గుర్తొచ్చింది. ఆ నంబరు రాసింది.

తప్పు, అన్నది మోడెం.

మళ్ళీ పంపింది. తప్పు. రింగుకూ రింగుకూ మధ్య సందు దొరకాలి. ఆమె మోత ఆగిన క్షణాన మీట నొక్కింది. తప్పు. నొక్కింది. తప్పు. కిటికీలోంచి చూస్తే ఎండ పోయింది. ఏటి వైపునుంచి లారీలు వరసగా వంతెన ఎక్కుతున్నట్టు చప్పుడు. ఆ దారిన లారీలు తిరగవు.

నొక్కింది.

తెర మీద ఏమీ రాలేదు. టవరు ఆలోచిస్తున్నది. దెల్మిస్ కళ్ళు మూసుకుంది.

సరే.

మోత ఒక్కసారిగా తెగిపోయింది. గదిలో ఫ్యాను చప్పుడు వినబడింది. వరస కదిలింది. కనోవాపేట, మొదటి ఇల్లు, సరే. రెండో ఇల్లు, సరే. నోల్వియా, సరే. చెరుకురసం ఫౌస్తో, సరే. పట్టిక తాడులా జారిపోతూ పేట చివరి గడప దాకా వెళ్ళింది. ప్రతి పేరు దగ్గరా సరే.

అప్పుడు గాని తను ఏం చేసిందో ఆమెకు పూర్తిగా తెలిసిరాలేదు. మోడెం సరే అన్నదంటే కబురు టవరుకు చేరిందని మాత్రమే. మనిషికి చేరిందని కాదు, మనిషి నమ్మాడని అసలే కాదు. నోటీసు జారీ కావడం వేరు, అందడం వేరు. జారీ అయిన ముద్ర చూపించి చేతులు దులుపుకునే కార్యాలయాలను ఆమె జీవితమంతా తిట్టింది. ఇప్పుడు తన తెర నిండా ఉన్నవి ఆ ముద్రలే. ఎవరు విన్నారో చెప్పగలిగిన ఒక్క చెవినీ తన చేత్తోనే మూసేసింది. తెరిస్తే మళ్ళీ ఆ మోత. తెరవకపోతే చీకటి. ఆగస్టులో దోమల పాలైన జనం, కోళ్ళు పోగొట్టుకున్న నోల్వియా, ఆ కబురు చూసి నవ్వుకుని ఫోను పక్కన పడేసి ఉంటే?

ఆమె మరోసారి కనోవాపేటకు అదే కబురు పంపింది. సరే, సరే, సరే. మూడోసారి పంపబోతూ ఆ మాటను చూసి, కుర్చీని వెనక్కి తోసి బయటికి పరుగెత్తింది. వీధి మలుపు దగ్గరినుంచి ఏరు కనబడింది. అది ఏరులా లేదు. నేల కదులుతున్నట్టుంది. చెట్లు నిలువునా నడుచుకుంటూ పోతున్నాయి. ఒక రేకుల కప్పు పళ్ళెంలా తిరుగుతూ తేలుతున్నది. అది ఎవరిదో పోల్చుకోవాలని చూసి, పోల్చుకోలేక, అక్కడే గోడ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది.

"ఒసేయ్! బతికున్నావా!"

గట్టు దారినుంచి మోకాళ్ళ దాకా బురదతో నోల్వియా ఎక్కి వస్తున్నది. భుజాన లారీ టైరు ట్యూబు, చేతిలో చుట్టిన తాడు. వెనక తువాలు మెడకు వేలాడుతూ ఎర్సిలియా.

"వదినా! నువ్వు... కబురు..."

"కబురా నీ బొందా! వచ్చింది కబురు. మళ్ళీ ఏ ఆవో గోక్కుందిలే అనుకున్నా. అయినా ఎంత తగువైనా రింగివ్వకపోతే బావుండదని ఒకటిచ్చా. ఆ కంపెనీ దాని గొంతు వచ్చింది: మీరు పిలిచిన ఫోను ఆపివేయబడింది, అని! పక్కింటి మిర్తాలా కూడా రింగిచ్చింది, అదే గొంతు. ఫౌస్తో ఇచ్చాడు, అదే. నీ ఫోను ఎప్పుడన్నా ఆగిందిటే? నిద్రలో కూడా ఎత్తే మనిషివి. కొండమీదున్న దెల్మిస్ ఫోనే ఆగిపోయిందంటే, నీళ్ళు కొండదాకా వచ్చేశాయి, దాని పని అయిపోయింది, ఇక మనమెంత అనుకున్నాం! పొయ్యి మీద కుండ పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తాం."

దెల్మిస్ గోడ వదిలి ముందుకొచ్చింది. తను నెలల తరబడి నమ్మించలేనిదాన్ని, చచ్చిన ఫోను ఒక్క క్షణంలో నమ్మించింది. దాన్ని తన తెలివి అనడానికి ఆమెకు మనసొప్పలేదు, పద్ధతి అనడానికి అంతకన్నా ఒప్పలేదు. అది పొరపాటు. ఈసారికి ఏటికి అటువైపు పడకుండా ఇటువైపు పడింది.

"అందరూ వచ్చారా?"

"బడిలో ఉన్నారు."

"అందరూ అంటే కాదు వదినా. పేర్లు చెప్పు."

నోల్వియా తాడు కింద పడేసి, వేళ్ళ మీద ఇంటింటి పేరూ చెప్పింది. దెల్మిస్ ప్రతి పేరుకూ ఆగి, పిల్లలా, ముసలమ్మా, అని అడిగింది. కనోవాపేట చివరి ఇంటి దగ్గర నోల్వియా ఆగింది.

"ఫౌస్తో వాళ్ళ నాన్న రానన్నాడు. చెరుకు గానుగను వదలనని దాన్ని కావిలించుకు కూర్చున్నాడు."

"అయితే?"

"అయితే ఏముంది, కుర్చీతో సహా మోసుకొచ్చాం. బడి వరండాలో కూర్చుని నిన్నూ, నీ యంత్రాన్నీ, నిన్ను కన్నవాళ్ళనీ వరసపెట్టి తిడుతున్నాడు."

ఎర్సిలియా పకపకా నవ్వి, నవ్వుతూనే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆమె తలలో రంగు చెమటతో కారి చెంప మీద నల్ల గీత దిగింది.

"మరి ఆ ట్యూబు ఎందుకు వదినా?" అని దెల్మిస్ అడిగింది.

"ఎందుకంటావేంటి? నీకు ఈత రాదు గదా!"

దెల్మిస్ ఆమె బురద చేతిని పట్టుకుంది. నోల్వియా చేయి విడిపించుకుంది.

"ఏడుపులు తర్వాత. ముందా ఫోను ఆన్ చెయ్యి. నిన్ను వెదకడానికొస్తున్నానని మా ఆయనకు చెప్పొచ్చా. నా ఫోను ఇంట్లోనే ఉండిపోయింది, ఇప్పుడు నీకే ఫోను చేస్తూ ఉంటాడు. ఆ కంపెనీది అదే పాట పాడితే నేనూ పోయాననుకుంటాడు."

ముగ్గురూ గదిలోకి వచ్చారు. దెల్మిస్ మొదట రింగుకు జవాబిచ్చే భాగాన్ని తిరిగి రాసింది, తర్వాత మళ్ళింపును తీసేసే పలుకు పంపింది. ఈసారి మోడెం మొదటిసారికే సరే అన్నది. ఆ మాట తెర మీద కనబడీ కనబడకముందే మోత వచ్చింది. నోల్వియా మొగుడి పేరు వెలిగింది, పక్కన గుర్తు పడింది, కాల్ దానంతట అది తెగిపోయింది.

"అదేంటి, కోసేసింది!"

"దానికలా నేర్పాను వదినా. అందిందని అర్థం."

"ఆయనకేం అర్థమవుతుందే? పెళ్ళాం బతికుందో లేదో అని ఫోను చేసినవాడి మొహం మీద కోసేస్తుందా?" నోల్వియా మోడెంను ఎగాదిగా చూసింది. "లేవే. దీన్ని నమ్ముకుంటే లాభం లేదు. బడిదాకా నడిచెళ్ళి చెబుదాం."

దెల్మిస్ లేచి చెప్పులు వేసుకుంది.